బండి వ్యాపారికి వడ్డీదారు కాదు, వాటాదారు కావాలి

తెల్లవారుజామున నాగోల్ చౌరస్తాలో కాసేపు నిలబడితే మన జిల్లా పల్లెలు నగరాన్ని ఎట్లా పోషిస్తున్నాయో కళ్లకు కడుతుంది. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం వైపు నుంచి కూరగాయల మూటలు దిగుతాయి. మూసీ ఒడ్డున కోసిన పచ్చిగడ్డి మోపులు పాడి పశువుల కొట్టాలకు పోతాయి. పొద్దెక్కేసరికి మెట్రో స్టేషన్ పరిసరాలలో, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట దారుల్లో పండ్ల బండ్లు, ఇడ్లీ బండ్లు, పూల గంపలు బారులు తీరుతాయి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చిన తర్వాత ఈ రద్దీ మరింత పెరిగింది. బేరం పెరిగింది. బేరానికి కావలసిన పెట్టుబడి మాత్రం పాత దారినే వస్తున్నది.

ఆ పాత దారి పేరు గిరిగిరి. సాయంత్రం బండి మీద ఒక మనిషి వస్తాడు. చేతిలో చిన్న పుస్తకం ఉంటుంది. ప్రతి బండి దగ్గరా ఆగి ఆ రోజు బాకీ తీసుకుని, పుస్తకంలో గీత గీసి ముందుకు పోతాడు. అతని లెక్క వ్యాపారులందరికీ తెలిసిందే. పదివేల అప్పు అంటాడు, వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పైకి చూస్తే పదికి ఒకటే కదా అనిపిస్తుంది. కాని అసలు రోజురోజుకూ తగ్గిపోతూ ఉంటుంది గనుక, వంద రోజుల పొడుగునా వ్యాపారి చేతిలో ఉన్న అప్పు సగటున నాలుగున్నర వేలకు మించదు. ఆ నాలుగున్నర వేలకు వంద రోజుల్లో వెయ్యి రూపాయలు ముడుతున్నది. మన ఊరి లెక్కలో చెబితే, నూటికి నెలకు ఆరు రూపాయల డెబ్బై పైసల వరకు వడ్డీ పడుతున్నదన్నమాట. సాలుకు నూటికి ఎనభై!

ఇంత వడ్డీ కట్టి కూడా చిరు వ్యాపారులు గిరిగిరి దగ్గరకే ఎందుకు పోతున్నారు? అతను కాగితాలు అడగడు, జామీను అడగడు, అడిగిన గంటలో డబ్బు తెస్తాడు. బ్యాంకు ఆ పని చేయలేకపోతున్నది. అందుచేత వడ్డీ వ్యాపారిని తిట్టి ఊరుకుంటే ప్రయోజనం లేదు. నిజాం కాలం నాటి 1349 ఫసలీ మనీ లెండర్ల చట్టం లైసెన్సు లేని వడ్డీ వ్యాపారాన్ని ఏనాడో నిషేధించింది. చట్టం పుస్తకంలో ఉన్నది, గిరిగిరి వీధిలో ఉన్నది. అతని చోటులోకి మరొక మంచి ఏర్పాటు వస్తే తప్ప అతను పోడు. ఆ ఏర్పాటు ఏమిటన్నదే ప్రశ్న.

కౌలుకు, పాలుకు ఉన్న తేడా

భూమి ఉన్నవాడు దానిని మరొకరికి రెండు విధాలుగా ఇస్తాడన్నది రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కౌలుకు ఇస్తే, పంట పండినా ఎండినా ముందు అనుకున్న సొమ్ము కట్టవలసిందే. పాలుకు ఇస్తే, కళ్లంలో రాశి పడిన తర్వాతనే పంపకం. పండితే ఇద్దరూ పంచుకుంటారు, పండకపోతే ఇద్దరూ నష్టపోతారు. మేకలను, గొర్రెలను పాలుకు పెంచే అలవాటు కూడా మన పల్లెల్లో ఉన్నదే. జీవాలు ఒకరివి, కాపు మరొకరిది, ఈతలో ఇద్దరికీ పాలు.

వడ్డీకి అప్పు ఇవ్వడమంటే డబ్బును కౌలుకు ఇవ్వడమే. మూడు రోజులు ముసురు పట్టి అరటిపండ్లు నల్లబడితే ఆ నష్టంతో అప్పిచ్చినవాడికి సంబంధం లేదు. అతని వంద అతనికి కావాలి. అదే డబ్బును పాలుకు ఇవ్వరాదా? ఇవ్వవచ్చునని, అట్లా ఇవ్వడమే ధర్మమని చెప్పే ఒక పాత సంప్రదాయం మన పొరుగునే ఉన్నది. అదే ఇస్లామిక్ భాగస్వామ్య పెట్టుబడి.

ఇస్లాం వడ్డీని నిషేధించిందని అందరూ విన్నదే. అయితే వ్యాపారాన్ని, లాభాన్ని నిషేధించలేదన్నది చాలామంది గమనించని విషయం. డబ్బున్నవాడు లాభం కోరవచ్చు, కాని లాభంతో పాటు నష్టానికి కూడా సిద్ధపడాలన్నది అందులోని కీలకం. దీనికి రెండు ప్రధాన పద్ధతులున్నాయి. ఒకటి ముదారబా: పెట్టుబడి అంతా ఒకరిది, కష్టం మరొకరిది. లాభాన్ని ముందు అనుకున్న వంతుల ప్రకారం పంచుకుంటారు. నష్టం వస్తే డబ్బు పోయేది పెట్టుబడిదారుకు, కష్టం వృథా అయ్యేది వ్యాపారికి. వ్యాపారి నిర్లక్ష్యం గాని, మోసం గాని ఉంటేనే అతనిపై బాధ్యత పడుతుంది. రెండవది ముషారకా: ఇద్దరూ డబ్బు పెడతారు. లాభం ఒప్పందం ప్రకారం, నష్టం మాత్రం ఎవరి పెట్టుబడి ఎంతో అంత మేరకే.

మహమ్మద్ ప్రవక్త తన యవ్వనంలో ఖదీజా పెట్టుబడితో వర్తకానికి వెళ్లారని ఇస్లామిక్ సంప్రదాయం చెబుతుంది. ఖైబర్ తోటలను అక్కడి యూదు రైతులకే సగం పాలుకు అప్పగించారని కూడా అదే సంప్రదాయం చెబుతుంది. అరబ్బు ఎడారిలోని ఆ ఒప్పందం మన రైతుకు కొత్తగా తోచదు. దేవుడిని పిలిచే పేరు వేరైనా కళ్లంలో న్యాయం ఒక్కటే. అందుచేత దీనిని ఒక మతం వారి వ్యవహారంగా పక్కన పెట్టడం పొరపాటు.

లెక్క వేసి చూద్దాం

మాట బాగానే ఉన్నది, లెక్కకు నిలుస్తుందా? ఒక పండ్ల బండి ఉన్నదనుకుందాం. వ్యాపారి వెయ్యి రూపాయలు పెట్టాడు, ఒక సంఘం తొమ్మిది వేలు పెట్టింది. సరుకు ధర, బండి కిరాయి, కుళ్లిన పండ్లు అన్నీ పోను నెలకు 12,000 మిగిలింది. అందులో నూటికి నాలుగు వంతులు సంఘానికి ఇవ్వాలని ఒప్పందం. సంఘానికి 480, వ్యాపారికి 11,520 వస్తుంది. గిరిగిరికి వంద రోజులకు వెయ్యి, అంటే నెలకు సుమారు 300 పోతున్నది. కాబట్టి మంచి నెలలో పాలు పద్ధతిలోనే ఎక్కువ చెల్లించవలసి రావచ్చు. ఈ నిజాన్ని దాచిపెట్టి ప్రచారం చేయడం తప్పు. కాకపోతే గిరిగిరి పెట్టుబడి రోజూ కరిగిపోతుంది, సంఘం పెట్టుబడి నెల పొడుగునా బండి మీదనే ఉంటుంది.

అసలు తేడా తెలిసేది చెడ్డ నెలలో. వానలు పట్టి సరుకు పాడై రెండు వేలు నష్టం వచ్చిందనుకుందాం. ముషారకా ప్రకారం అందులో 1,800 సంఘం భరిస్తుంది, వ్యాపారి భరించేది 200. గిరిగిరి అయితే? ఆ నెలలో కూడా రోజుకు వంద చొప్పున మూడు వేలు కట్టవలసిందే. కట్టలేక మరొక గిరిగిరి దగ్గర తెచ్చి ఇతనికి కడతాడు. గోరుచుట్టుపై రోకటిపోటులాగా ఒక అప్పు మీద మరొక అప్పు పడుతుంది. చిరు వ్యాపారి మునిగేది మంచి నెలల్లో కట్టిన వడ్డీ వల్ల కాదు, చెడ్డ నెలలో దొరకని గడువు వల్ల.

ఇప్పుడు సంఘం వైపు నుంచి చూద్దాం. ముప్ఫై మందికి తొమ్మిది వేల చొప్పున 2,70,000 పెట్టింది. ఇరవై ఆరు మందికి లాభం వస్తే 12,480 చేతికి వస్తుంది. నలుగురికి నష్టం వస్తే 7,200 పోతుంది. మిగిలేది 5,280. అది ఒక గుమాస్తా జీతానికి కూడా చాలదు. ఎనిమిది మందికి నష్టం వచ్చిన నెలలో సంఘమే 3,840 రూపాయల లోటులో పడుతుంది. ఈ పద్ధతి గొప్పతనం ఎక్కడున్నదో కష్టం కూడా అక్కడే ఉన్నది. అవతలివాడి నష్టాన్ని నెత్తిన వేసుకునేవారికి నిల్వ నిధి ఉండాలి, ఖర్చు తక్కువ ఉండాలి, ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఒకరిపై ఒకరికి నమ్మకం ఉండాలి.

ప్రపంచ అనుభవం కూడా ఇదే చెబుతున్నది. ఈజిప్టులో నైలు నది డెల్టాలోని మీత్ గమ్ర్ పట్టణంలో 1963లో అహ్మద్ అల్ నజ్జార్ వడ్డీ లేని పొదుపు బ్యాంకును నడిపి గ్రామస్థుల మన్నన పొందారు. కొన్నేళ్లకే అది మూతపడింది గాని ఆలోచన పోలేదు. 2008లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వేలో ఇస్లామిక్ పద్ధతిలో చిన్న అప్పులు పొందినవారు ముస్లిం దేశాలలో సుమారు 3,80,000 మంది ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు దక్కింది భాగస్వామ్యం కాదు, మురాబహా. అంటే సరుకు కొనిచ్చి, దానిపై తెలిపిన లాభం కలిపి వాయిదాలలో వసూలు చేయడం. పాలు పద్ధతిని పొగిడేవారు ఎక్కువ, ఆచరించేవారు తక్కువ. బండి వ్యాపారి లెక్క రాయడు, రాసినా అసలు లాభం చెప్పడని భయం. ఆ లెక్క చూడడానికి మనిషిని పెడితే వచ్చే వాటా కంటే అతని జీతం ఎక్కువ.

హైదరాబాద్‌కు కొత్త కాదు

వడ్డీ లేని పరపతి విషయంలో హైదరాబాద్ ఎవరికీ తీసిపోదు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పండితుడు ముహమ్మద్ హమీదుల్లా 1936లోనే ఇక్కడి 'ఇస్లామిక్ కల్చర్' పత్రికలో ఇస్లాం ఆర్థిక విధానాన్ని చర్చించారు. హైదరాబాద్‌లో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే నడిచిన వడ్డీ లేని అప్పుల సంఘాల గురించి ఆయనే లోకానికి తెలియజేశారు. 1966లో నగరంలో తూర్ బైతుల్ మాల్ వెలసింది. ఇవి ఎక్కువగా ఖర్జె హసనా, అంటే వడ్డీ లేకుండా అసలు మాత్రం తిరిగి తీసుకునే అప్పులు ఇచ్చిన సంస్థలు. ఆపదలో ఉన్నవానికి అది పెద్ద ఆసరా. కాని వ్యాపారం పెరగడానికి కావలసిన వాటా పెట్టుబడి అది కాదు.

ప్రభుత్వాలకు కూడా వడ్డీ భారం తెలియనిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది, 2012లో మహిళా సంఘాలకు వడ్డీ లేని రుణాలు వచ్చాయి. వాటిలో వడ్డీ పోలేదు, మహిళల బదులు ప్రభుత్వం బ్యాంకుకు కట్టింది. మరోవైపు సూక్ష్మ రుణ కంపెనీలు వారం వారం వసూళ్లతో ఊళ్ల మీద పడగా, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపివేయగా, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తీసుకురావలసి వచ్చింది. రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. కంపెనీల చేతి నుంచి పేదను కాపాడే పని ఒక్క చట్టం వల్ల పూర్తి కాదని దీనిని బట్టి తెలుస్తున్నది.

వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2020 జూన్‌లో పీఎం స్వనిధి పథకం తెచ్చింది. తొలి విడత పదివేలతో మొదలైన ఈ పథకాన్ని 2025 ఆగస్టులో సవరించి, 15,000, 25,000, 50,000 చొప్పున మూడు విడతలుగా ఇచ్చేందుకు, 2030 మార్చి వరకు కొనసాగించేందుకు నిర్ణయించారు. సకాలంలో కట్టినవారికి ఏడు శాతం వడ్డీ రాయితీ ఉన్నది. ఇది మెచ్చుకోదగిన పథకం. అర్హులైన ప్రతి వ్యాపారీ దీనిని ఉపయోగించుకోవాలి. అయితే ఇది కూడా అప్పే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021–22లో బాటసింగారానికి తరలించినప్పుడు సరుకు కోసం అంత దూరం పోవలసి వచ్చిన చిన్న వ్యాపారికి రవాణా ఖర్చు మీద పడింది. అటువంటి దెబ్బ తగిలినప్పుడు వాయిదా ఆగదు. మతనమ్మకం వల్ల వడ్డీ ముట్టని వ్యాపారికైతే ఈ తలుపు సగమే తెరిచి ఉన్నది.

బ్యాంకులు వాటా పద్ధతిలో పెట్టుబడి పెట్టడానికి 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం అడ్డు వస్తున్నది. బ్యాంకు సరుకు కొని అమ్మే వ్యాపారం చేయరాదన్నది ఆ చట్టం. వడ్డీ లేని బ్యాంకింగ్‌కు అవకాశం ఇవ్వాలని 2008లో రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. బ్యాంకుల్లో అందుకు ప్రత్యేక విభాగం ఉండవచ్చునని 2015లో దీపక్ మొహంతి కమిటీ చెప్పింది. 2017 నవంబరులో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోబోమని తేల్చివేసింది. కమిటీల సిఫారసులు అటకెక్కడం మన దేశంలో కొత్త కాదు గాని, ఈసారి నష్టపోయింది వీధి వ్యాపారి.

పేరు చూసి మోసపోవద్దు

ఇక్కడ పాఠకులను ఒక విషయంలో గట్టిగా హెచ్చరించక తప్పదు. చట్టబద్ధమైన దారి మూసుకుపోయిన చోట దొంగదారులు తెరుచుకుంటాయి. హలాల్ వ్యాపారం, వడ్డీ లేని రాబడి అన్న మాటలతో జనం సొమ్ము సేకరించిన సంస్థల కథలు మనం విన్నాం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు అధిపతిని 2018 అక్టోబరులో పోలీసులు అరెస్టు చేశారు. సాలుకు 36 శాతం వరకు రాబడి ఆశ చూపి వేల కోట్లు సేకరించారన్నది దర్యాప్తు సంస్థల ఆరోపణ. 2019లో బెంగళూరులో ఐ మానిటరీ అడ్వయిజరీ సంస్థ కుప్పకూలి వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. కూతురి పెళ్లికి దాచిన సొమ్ము, గల్ఫ్‌లో చెమటోడ్చి పంపిన సొమ్ము ఇట్లాంటి చోట్ల చిక్కుకుపోవడం ఎంతైనా శోచనీయం.

ఇటువంటి వలలో పడకుండా ఉండడానికి పెద్ద చదువు అక్కరలేదు. పంట పండకముందే నీకు ఇన్ని బస్తాలు ఖాయమని ఎవరైనా చెబితే అది పాలు కాదు, కౌలు. అట్లాగే నెల నెలా ఇంత లాభం ఖాయమని ఎవరైనా చెబితే అది భాగస్వామ్యం కాదు. లాభాన్ని ముందే ఖాయం చేయడం ముదారబా నియమానికే విరుద్ధం. మసీదు పేరు చెప్పినా, గుడి పేరు చెప్పినా, లెక్క చూపనివాని చేతిలో రూపాయి పెట్టరాదు.

చేయవలసిన పనులు

ఇంతకూ నాగోల్ చౌరస్తాలో బండి తోసే మనిషికి ఏమి చేయవచ్చు? బ్యాంకింగ్ చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మనకున్నది. సభ్యులే పొదుపు చేసి, సభ్యులే నడుపుకునే సంఘాలకు అది వీలు కల్పించింది. ఒక బజారు వ్యాపారులు, ఒక బస్తీవారు కలిసి అటువంటి సంఘం పెట్టుకుని, న్యాయవాది సలహాతో నియమావళి రాసుకుని, కొంత నిధిని వాటా పద్ధతిలో పెట్టి చూడవచ్చు. సలహా ఎందుకంటే, 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వామి అయినవాడు వ్యాపారం బయట చేసిన బాకీలకు కూడా పూచీ పడవలసి వస్తుంది. ఒక్క బండి బాకీ సంఘం మొత్తాన్ని ముంచకుండా ఒప్పందం జాగ్రత్తగా రాసుకోవాలి.

లెక్క విషయంలో కాలం కొంత కలిసి వచ్చింది. నేడు బండి మీద కూడా ఫోను చెల్లింపుల బొమ్మ అతికించి ఉంటున్నది. రోజు అమ్మకంలో కొంత భాగమైనా దానంతట అదే నమోదవుతున్నది. మండీలో సరుకు కొన్న చీటీలు, ఫోను లెక్క, ఒక చిన్న చిట్టా పుస్తకం ఉంటే వారానికి ఒకసారి కూర్చుని లాభనష్టాలు తేల్చవచ్చు. పక్క పక్క బండ్లవారు ఒకే సంఘంలో ఉంటే ఎవరి బేరం ఎంతో దాచినా దాగదు. వాటాను నెలకు కాకుండా ఒక సీజనుకు, ఉదాహరణకు మామిడి కాలానికి మాత్రమే పెట్టి మొదలుపెడితే అనుభవం వస్తుంది, నష్టం హద్దులో ఉంటుంది.

తోపుడు బండి, ఆటో వంటి వస్తువులకైతే తగ్గుతూ పోయే భాగస్వామ్యం సులువైన దారి. సంఘం, వ్యాపారి కలిసి బండి కొంటారు. సంఘం వాటాకు వ్యాపారి కిరాయి కడుతూ, కొద్దికొద్దిగా ఆ వాటాను కొనుక్కుంటూ పోతాడు. ఒకనాటికి బండి అతని సొంతమవుతుంది. లాభం ఎంతో అడిగి తెలుసుకునే తంటా కూడా ఇందులో లేదు.

ప్రభుత్వం చేయవలసినది కూడా ఉన్నది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలు ఉన్నాయి. గుర్తింపు కార్డు, నిలబడడానికి ఖాయమైన చోటు లేనివాని బండిలో ఎవరూ వాటా పెట్టరు. రేపు ఆ బండిని ఎత్తుకుపోతే పెట్టుబడి కూడా దానితోనే పోతుంది. ముందు ఆ చోటు ఖాయం చేయాలి. సంఘాలకు మొదటి రెండేళ్లలో వచ్చే నష్టాన్ని తట్టుకునే నిల్వ నిధికి కొంత సాయం చేస్తే, వడ్డీ రాయితీలకు పెట్టే ఖర్చులాగే అదీ సార్థకమవుతుంది. రిజర్వు బ్యాంకు 2017 నాటి నిర్ణయాన్ని తిరిగి పరిశీలించాలి. వడ్డీ లేని విభాగం తెరవడమంటే ఒక మతానికి దాసోహం కావడం కాదు, నష్టంలో పాలు పంచుకునే పెట్టుబడికి చట్టబద్ధమైన చోటు కల్పించడం మాత్రమే.

అన్నిటికంటే ముఖ్యమైనది మనలోని డబ్బున్నవారి వైఖరి. పాలుకు భూమి ఇచ్చిన ఆసామి వాన కోసం రైతుతో పాటే ఆకాశం వైపు చూస్తాడు. కౌలుకు ఇచ్చినవాడు గడువు తేదీ వైపు చూస్తాడు. నాగోల్ బండ్ల దగ్గర నేడు సాయంత్రం పూట కనిపించేది ఆ రెండవ మనిషే. వాన పడితే కలత పడే మొదటి మనిషిని కూడా అక్కడికి తీసుకురావడం అసాధ్యమేమీ కాదు. ఒక బజారులో, ముప్ఫై బండ్లతో, ఒక సీజనుకు మొదలుపెట్టి చూడవచ్చు. పండితే పంచుకుందాం, పండకపోతే మళ్లీ దున్నుదాం.